హ్యాండిల్ ఎక్కడ పెట్టావే

తెరచాప పడవలో దీవులు తిరగడానికి వెళ్తున్నానని నేను నోరు జారింది సముద్రం మీద ప్రేమతో కాదు, మా వైస్ ప్రిన్సిపాల్ మీద ఒళ్ళుమంటతో.

ఆవిడ ఆ రోజు స్టాఫ్ రూంలో తన డబ్బా మూత కూడా తీయకుండా వాళ్ళ అల్లుడు తనని విహారానికి తీసుకెళ్ళిన పెద్ద ఓడ గురించి చెబుతోంది. ఓడలో ఈతకొలను ఉందట, సినిమా హాలు ఉందట, పొద్దున లేచి కిటికీ తెరిస్తే కొత్త దేశం కనపడుతుందట. లెక్కల టీచరూ సైన్సు టీచరూ తినడం మానేసి వింటున్నారు. నేను ఆ బడికి ప్రిన్సిపాల్‌ని. నేనున్న గదిలో జనం తినడం మానేసి వినాల్సింది నా మాటలని నాకో గట్టి అభిప్రాయం. అందుకని, అంత పెద్ద ఓడలో సముద్రం ఎక్కడ తెలుస్తుందమ్మా అని దీర్ఘం తీసి, మేం ముగ్గురు స్నేహితురాళ్ళం సొంత పడవలో, ఉత్త గాలి మీద, దీవులన్నీ చుట్టి రాబోతున్నామని ప్రకటించాను. సైన్సు టీచరు చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. ఆ చెంచాను చూసిన ఆనందంలో ఏం చెప్పానో నాకు గంట కొట్టేదాకా అర్థం కాలేదు.

నిజానికి అంతకు కొద్దిరోజుల ముందు పొట్టి ఫోన్ చేసి రమ్మంటే, చూద్దాంలే అన్నాను. మా బడిలో నేను చూద్దాంలే అన్నానంటే లేదని అర్థం. జీతం పెంచమన్నవాళ్ళకీ, సెలవు పొడిగించమన్నవాళ్ళకీ నేను చెప్పే సమాధానం అదే.

పొట్టి, నర్సు, నేను పెళ్ళిళ్ళు కాకముందు ఉద్యోగినుల హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. పొట్టికి బ్యాంకులో ఉద్యోగం, నర్సు సంగతి చెప్పక్కర్లేదు, నాది చిన్నపిల్లలకి గుణింతాలు దిద్దించే పని. ఎవరి మంచం ఏ గోడవైపు ఉండాలో, ఫ్యాను ఎంత జోరుగా తిరగాలో, కిటికీ ఎప్పుడు తెరవాలో నేనే తేల్చేదాన్ని కాబట్టి వాళ్ళిద్దరూ నన్ను వార్డెన్ అనేవాళ్ళు. అది బిరుదని ఇన్నేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. ఇక పొట్టి అంటారా, బల్లి కనపడితే మంచం ఎక్కేది. రోడ్డు దాటాలంటే నా మోచెయ్యి పట్టుకునేది. అలాంటిది ఓడల ఇంజన్లు బాగుచేసే ఆయన్ని చేసుకుని, రిటైర్మెంటుకి ముందే బ్యాంకు ఉద్యోగం వదిలేసి, ఆయనతో కలిసి ఓ పాత తెరచాప పడవ కొనుక్కుని, ఏడాదిలో సగం నీళ్ళమీదే ఉంటోంది. పొట్టికే చేతనైందంటే పెద్ద కష్టమైన పని అయ్యుండదని నా లెక్క.

మా ఆయన మందుల షాపు నడుపుతారు. సంగతి విని నవ్వలేదు, వద్దనలేదు. మర్నాడు షాపునించి వస్తూ వాంతుల మాత్రలు ఓ అట్టపెట్టె నిండా తెచ్చి బల్లమీద పెట్టి, "బాత్రూంలో కాలు కాస్త జారితేనే వీధి వీధంతా పిలుస్తావు. అక్కడ ఎవర్ని పిలుస్తావు?" అన్నారు. నేను ఆ మాట పట్టించుకోనట్టు నటించి, పక్క రోజే ఈత నేర్చుకోవడానికి చేరాను.

కాలనీ ఈతకొలనులో పొద్దుటి పూట చిన్నపిల్లల బ్యాచ్ తప్ప ఖాళీ లేదు. వాళ్ళలో సగంమంది మా బడి పిల్లలే. నేను నల్లటి రబ్బరు టోపీ పెట్టుకుని మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతుంటే, నీళ్ళలో ఉన్న పిల్లలంతా వరసగా నిలబడి నమస్కారం టీచర్ అన్నారు. కూర్చోండి అనబోయి ఆగాను. రెండో తరగతి పిల్ల ఒకతి నా పక్కనే తేలుతూ, టీచర్ మీరు బుగ్గలు ఊదుతున్నారు, కాళ్ళు కొట్టాలి అని నేర్పింది. నీళ్ళతో వాదించకండి మేడమ్, ఒళ్ళు వదిలెయ్యండి అని కోచ్ రోజూ బతిమాలేవాడు. ఒళ్ళు వదిలెయ్యడం నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. చివరికి వెల్లకిలా తేలడం ఒక్కటి వచ్చింది. అది కూడా ఎవరైనా వీపు కింద చెయ్యి పెట్టి ఉంచారని నమ్మితేనే.

పెట్టె తేవద్దు, మెత్తటి సంచీలో బట్టలు తెచ్చుకో అని పొట్టి మరీ మరీ చెప్పింది. నేను చక్రాలున్న ఎర్రటి గట్టి పెట్టె తీసుకెళ్ళాను. మెత్తటి సంచీలో పెడితే ఇస్త్రీ నలుగుతుందని. సముద్రం మధ్యలో నా ఇస్త్రీని ఎవరు తనిఖీ చేస్తారనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

చిన్న విమానం, తర్వాత ఫెర్రీ, ఆ తర్వాత నీళ్ళలోకి సాగిన, ఎండలో మాడుతున్న ఓ చెక్క వంతెన. వంతెనకి రెండువైపులా పడవలు కట్టి ఉన్నాయి. పొట్టి నిక్కరు వేసుకుని, టోపీ పెట్టుకుని, కాల్చిన వంకాయ రంగులో ఎదురొచ్చింది. నర్సు అప్పటికే వచ్చి పడవలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. అన్నయ్యగారు ఏరని అడిగాను. ఆయనకి నడుం పట్టేసిందనీ, డాక్టరు కదలొద్దన్నాడనీ, ఊళ్ళో గది తీసుకుని పడుకున్నారనీ, మనం ముగ్గురమే వెళ్తున్నామనీ పొట్టి చెప్పింది. చెబుతున్నప్పుడు అటు తిరిగి ఏదో తాడు చుట్టుకుంటూ ఉంది. నేను ఆ మొహం వైపు చూడలేదు. నా పెట్టె వైపు చూస్తున్నాను. అది పడవ లోపలికి దిగే గుమ్మంలో పట్టడంలేదు.

నిలువుగా పెట్టి చూశాం, అడ్డంగా పెట్టి చూశాం. పక్క పడవలవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని బయటికొచ్చి చూశారు. ఆఖరికి నా బట్టలన్నీ వంతెనమీద కుప్పపోసి, ఖాళీ పెట్టెని ఏటవాలుగా తోసి, లోపలికి దించి, బట్టలు మళ్ళీ సర్దాం. నా లోదుస్తుల రంగులు ఆ రేవులో అందరికీ తెలిశాయి. లోపల గది అంటే మా ఇంట్లో బీరువా అంత. మంచం మీద పెట్టె, పెట్టె పక్కన వంకీ తిరిగి నేను. పడవ ఒరిగినా గిన్నె ఒలక్కుండా స్టవ్వు గాల్లో ఊగుతూ ఉంటుంది. పాయిఖానాకి చేతి పంపు. అది ఎటు కొట్టాలో, ఎటు కొట్టకూడదో పొట్టి వివరంగా చెబుతుంటే, ఆ మాత్రం తెలీదా అన్నాను. తెలియదని ఆ సాయంత్రం ముగ్గురికీ తెలిసింది. నర్సు ముక్కుకి గుడ్డ కట్టుకుని శుభ్రం చేసింది.

రేవు దాటి బయటికి రాగానే సముద్రం తన పని మొదలుపెట్టింది. మా ఆయన ఇచ్చిన మాత్రలు వేసుకున్నాను. అవి లోపల ఎంతసేపు ఉన్నాయో నాకు నమ్మకం లేదు. కమ్మీ మీద వాలి, చేపలకి నా ఉపాహారం సమర్పించుకుంటూ, మధ్యమధ్య తల ఎత్తి సలహాలిచ్చేదాన్ని. ఆ తెరచాప ఇంకాస్త బిగించకూడదా అని, ఆ రాయికి మరీ దగ్గరగా పోతున్నాం కదా అని. వాంతి వల్ల నా గొంతు ఆగేది గాని నాలో టీచరు ఆగేది కాదు. పొట్టి వినేది. ఊఁ అనేది. తన పని తాను చేసుకునేది. ఓసారి నన్ను పడవని తిప్పే చక్రం దగ్గర నిలబెట్టింది. పడవ గుండ్రంగా తిరిగి మేం వచ్చిన దారినే చూసింది. చక్రం వదులుగా ఉందని తీర్పు చెప్పి, మళ్ళీ కమ్మీ దగ్గరికి వెళ్ళాను.

ఇలా అన్నానని దీవులు బాగాలేవని కాదు. నీళ్ళు అద్దంలా ఉండి అడుగున ఇసుకమీద పడవ నీడ కనపడేది. కొబ్బరిచెట్లు ఒడ్డుదాకా వచ్చి నీళ్ళలోకి వంగి చూసేవి. ఇంత అందం నాకు కమ్మీ సందుల్లోంచే దక్కింది.

ఒక మధ్యాహ్నం గాలి తగ్గి, ఓ నిశ్చలమైన మూల లంగరు వేశాం. కడుపు కుదుటపడింది. పొట్టీ నర్సూ పైన గుడ్డ నీడన నిద్రపోయారు. పొట్టి నిద్ర అంటే కళ్ళు మూసుకుని కూర్చోవడమే, కాస్త చప్పుడైతే లేచి చుట్టూ చూసి మళ్ళీ కళ్ళు మూసేది. నాకు ఒంట్లో బాగుంటే ఖాళీగా ఉండలేను. లోపలికి దిగి చూస్తే ఆ పడవ నాకు మా బడి స్టోరు గదిలా కనిపించింది. తాళ్ళ పక్కన చెంచాలు, చెంచాల పక్కన టార్చి, సముద్రపు పటాల మీద ఉల్లిపాయలు. అన్నీ తీసి, తుడిచి, రకాలవారీగా సర్దాను. తాళ్ళన్నీ ఒకచోట, రంగుల ప్రకారం. టార్చీలు మందులతో. పైన చక్రం పక్కన గుడ్డ జేబులో కాలికి తగిలేలా ఓ ఇనప హ్యాండిల్ వేలాడుతూ ఉంటే, ఎవరికైనా దెబ్బ తగులుతుందని దాన్నీ తీశాను. ఎవరికీ తగలని చోట భద్రంగా పెట్టేశాను. లేచిన తర్వాత పొట్టి చూసి, బాగా కనపడుతోందే అంది. కాస్త కంగారుగానే అంది. అది కంగారని అప్పుడు నాకు తోచలేదు. మెచ్చుకోలు అనుకున్నాను.

మర్నాడు మేం రెండు దీవుల మధ్య ఉండగా ఆకాశంలో ఒకవైపు నల్లటి గీత పడింది. అప్పటిదాకా నీలంగా ఉన్న నీళ్ళు ఆ గీత కింద సీసం రంగుకి తిరిగాయి. పొట్టి దాన్ని చూసి, పెద్ద తెరచాప సగం దించి కట్టెయ్యాలి, తొందరగా అంది. డెక్ మీద తాళ్ళు బిగించడానికి ఇనప గిలకలుంటాయి. వాటి నెత్తిన హ్యాండిల్ తగిలించి తిప్పితేనే ఆ తాళ్ళు మాట వింటాయి. పొట్టి చూడకుండానే గుడ్డ జేబులోకి చెయ్యి పోనిచ్చింది. ఖాళీ. మళ్ళీ పోనిచ్చింది.

"హ్యాండిల్ ఎక్కడ పెట్టావే?" అంది.

"భద్రంగానే పెట్టాను" అన్నాను.

భద్రంగా పెట్టిన వస్తువు మా ఇంట్లో ఇంతవరకూ ఒక్కటీ అవసరానికి దొరకలేదు. లోపలికి దూకాను. తాళ్ళ రంగులు చూశాను, చెంచాలు చూశాను, స్టవ్వు కింద చూశాను. నా బుర్ర తుడిచిన పలకలా ఉంది. ఈలోగా గాలి వచ్చి పడవని ఒక పక్కకి వాల్చేసింది. నేను రంగులవారీగా సర్దినవన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. వెతకడానికి నా వెనకే దిగిన నర్సు నెత్తిమీద ఉల్లిపాయలు దొర్లాయి. నేను పాక్కుంటూ పైకొచ్చి, సభలో మాట్లాడే గొంతుతో, ఎవరూ కంగారుపడొద్దు, ముందు ప్రశాంతంగా కూర్చుని ఆలోచిద్దాం అని మొదలుపెట్టాను.

"నోరు మూసుకుని కూర్చో" అంది పొట్టి. "ఆ నీలం తాడు పట్టుకో. నేను వదలమనేదాకా వదలకు."

నాతో ఆ మాట ఎవరూ అని ఎరగరు. మా అమ్మ కూడా అనలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. తాడు పట్టుకున్నాను. వాన సూదుల్లా కొడుతోంది. పొట్టి పైకొచ్చిన నర్సుకి చక్రం ఇచ్చి, వానలో తెరచాప స్తంభం దగ్గరికి పాక్కుంటూ వెళ్ళింది. ఎటు తిప్పాలో అక్కడినించే ఒక్కో మాటగా అరిచి చెప్పింది. గిలకతో కావలసిన పని ఉత్త చేతులతో, కాళ్ళు స్తంభానికి తన్నిపట్టి లాగింది. తెరచాప అంచు ఎక్కడో పర్రుమని చిరిగింది. ఆ చప్పుడుకి పొట్టి తిరిగి చూడలేదు. సగం గుడ్డ దిగింది, కట్టేసింది, పడవ నిటారైంది. నా వంతు ఏమిటంటే, ఒక తాడు పట్టుకుని వదలకపోవడం. నా జీవితంలో నేను ఒక్క సలహా కూడా లేకుండా పూర్తిచేసిన పని అదొక్కటే.

గాలివాన ఎలా వచ్చిందో అలాగే పోయింది. పొట్టి ఇక వదలమంది. వదలలేకపోయాను. వేళ్ళు తెరుచుకోలేదు. నర్సు వచ్చి ఒక్కొక్క వేలూ విప్పి, దోక్కుపోయిన అరచేతులకి మందు రాసి కట్టు కట్టింది. కడుతూ నవ్వుతోంది. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి ఎప్పుడు నవ్వాలో తెలియకుండా పోతుందనుకుంటాను.

సాయంత్రానికి ఓ కొండ చాటున లంగరు వేశాం. పొడిబట్టలకోసం నా ఎర్రపెట్టె తాళం తీశాను. ఇస్త్రీ మడతల మీద, తువ్వాలులో చుట్టి, హ్యాండిల్ ఉంది. అవును మరి, పడవలో తాళం ఉన్నది నా పెట్టెకే కదా. దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి తెచ్చి పొట్టికిచ్చాను. పొట్టి తీసుకుని గుడ్డ జేబులో పెట్టి, స్టవ్వు మీద టీ నీళ్ళు ఎక్కించడానికి లోపలికి దిగింది. తిట్టినా బాగుండేది.

టీ గ్లాసులు పట్టుకుని పైన కూర్చున్నాక, రేపు ఫెర్రీ ఆగే దీవి ఏదైనా ఉంటే నన్ను అక్కడ దించెయ్యమన్నాను. నేను ఉంటే పనీ కాదు, ప్రమాదం కూడా అన్నాను. ఈ మాట అనడానికి ఎంతో సేపు కూడబలుక్కున్నాను. నన్ను వారిస్తారని లోపల్లోపల కొంచెం ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు.

పొట్టి తన గ్లాసులో ఇంకాస్త టీ పోసుకుంది.

"ఆయన లేకుండా నేను పడవ తియ్యడం ఇదే మొదటిసారే" అంది.

నర్సు నవ్వు ఆపేసింది. నాకు అప్పటిదాకా తిరగని కళ్ళు అప్పుడు తిరిగాయి. ఇన్ని రోజులూ ఆ పడవ మీద ఉన్నవాళ్ళలో ఒకరికి పని తెలుసన్న నమ్మకంతోనే కదా వాంతులు చేసుకున్నాను.

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే వచ్చేదానివా?"

వచ్చేదాన్నే అని చెప్పాలని నోరు తెరిచాను. కానీ అక్కడున్న ఇద్దరూ నన్ను ఎరిగినవాళ్ళే. మూసుకున్నాను.

పొట్టి నెమ్మదిగా చెప్పుకుంటూ వచ్చింది. ఇన్నేళ్ళూ పక్కనుండి అన్నీ చేసింది, కానీ అటు తిప్పు ఇటు లాగు అని చెప్పే గొంతు ఎప్పుడూ ఆయనదే. నడుం పట్టేసిన రోజు ప్రయాణం మానేద్దామనే అనుకుందట. నువ్వు చెయ్యగలవు పో అని ఆయనే తరిమారట. బయల్దేరిన దగ్గర్నించి కంటిమీద కునుకు లేదు. కళ్ళు మూస్తే పడవ రాళ్ళకి కొట్టుకున్నట్టే ఉంటోందట.

"నువ్వొస్తున్నావు కదా అని ధైర్యం చేశాను" అంది. "వార్డెన్ ఉంటే ఏదో ఒకటి గట్టిగా చెప్తూ ఉంటుంది, భయం తెలీదు అనుకున్నాను."

"నేను చెప్పినవన్నీ తప్పులే కదే" అన్నాను.

"అవును. అది మొదటి రోజే తెలిసింది." పొట్టి గ్లాసు కింద పెట్టింది. "కానీ ఇవాళ నీ మీద అరిచాను చూడు, ఆ తర్వాత నాకు భయం వెయ్యలేదు. నిన్నే నోరు మూయించి కూర్చోబెట్టానంటే ఇక గాలిదేముంది అనిపించింది. దిగిపోకు. నువ్వు ఉండు."

ఆ రకంగా ఆ పడవలో నాకొక ఉద్యోగం దొరికింది. కెప్టెనుకి ధైర్యం తగ్గినప్పుడల్లా అరవడానికి నేను. ఏళ్ళ తరబడి పిల్లల్నీ టీచర్లనీ అదిలించి సంపాదించిన గౌరవం ఒక చిన్న పడవకి ఇలా పనికొచ్చింది. కోపం రావాల్సింది. ఎందుకో తేలిగ్గా అనిపించింది. ఉప్పు పట్టిన బిస్కెట్లు రెండు తిన్నాను, అవి లోపలే ఉన్నాయి.

కొత్త ఉద్యోగంలో మొదటి పొద్దునే మళ్ళీ పరువు తీసుకున్నాననుకోండి. తెల్లవారుతుండగా పొట్టి నన్ను లేపి, తను చిరిగిన తెరచాప కుట్టుకుంటాననీ, చుట్టూ చూస్తూ ఉండమనీ, ఏదైనా తేడాగా ఉంటే చెప్పమనీ అంది. ఆ మూల మాతోపాటు ఇంకో నాలుగైదు పడవలు ఆగి ఉన్నాయి. నేను చూస్తూ ఉండగా వాటిలో ఒకటి లంగరు ఊడి మా వైపు కొట్టుకొస్తోంది. లోపల మనుషులు నిద్రలో ఉన్నారు. పొట్టి తనకి చెప్పమంది గానీ, మనుషుల ప్రాణాలకి సంబంధించిన విషయం. లేచి నిలబడి, మైకు పాడైన రోజుల్లో మా బడి మైదానమంతటికీ వినిపించిన గొంతుతో, లేవండి లేవండి అని కేక వేశాను. అన్ని పడవల్లోంచీ జనం దుప్పట్లతో బయటికొచ్చారు. ఎవరో గంట కొట్టారు. ఒకాయన లైఫ్ జాకెట్ తలకిందులుగా తొడుక్కున్నాడు.

గాలి మారితే ఆగి ఉన్న పడవలన్నీ లంగరు చుట్టూ మెల్లగా తిరుగుతాయట. మా పడవా తిరుగుతోంది, వాళ్ళదీ తిరుగుతోంది. ఎవరి లంగరూ ఊడలేదు. పొట్టి సూది చేత్తో పట్టుకునే ఒక్కో పడవ వైపూ తిరిగి క్షమించమని చెప్పింది. నా అలారానికి అసలు కారణమైన పడవలో ఓ ముసలాయనా ఆయన భార్యా ఉన్నారు. ఎలాగూ లేచాం కదా, రండి కాఫీ తాగుదాం అని పిలిచారు. వెళ్ళాం. ముసలాయన నా గొంతుని మెచ్చుకున్నాడు. పొగమంచులో ఓడలకి ఇలాంటిది కావాలన్నాడు. ఆ మాటకి పొట్టి పడీ పడీ నవ్వింది. బయల్దేరిన తర్వాత పొట్టి అలా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత పొట్టి నిజంగానే కెప్టెనైంది. తాడు పేరు చెప్పి లాగమంటే లాగేదాన్ని, వదలమంటే వదిలేదాన్ని. ఎందుకని అడగాలని గొంతుదాకా వచ్చేది. మింగేదాన్ని. ఒకసారి మాత్రం ఆగలేక, ఇటు తిప్పితే బాగుంటుందేమో అన్నాను. వార్డెన్, కూర్చో అంది పొట్టి. కూర్చున్నాను. నర్సు కూడా నేర్చుకుని, ఉప్పు అందించమనడానికి కూడా అదే గొంతు వాడటం మొదలుపెట్టింది.

తిరుగు ప్రయాణానికి ముందు చివరి దీవికి వెళ్ళే రోజు గాలి మెత్తగా, ఒకే తీరుగా ఉంది. పొట్టి నన్ను చక్రం దగ్గర నిలబెట్టి, దూరంగా కనపడుతున్న కొండని చూపించి, పడవ ముక్కు దాని వైపే ఉంచమంది. దిక్సూచిలో ఏ అంకె దగ్గర ముల్లు ఉండాలో కూడా చెప్పింది. తను పక్కనే బల్లమీద కూర్చుని కాసేపు చూసింది. తర్వాత పడుకుంది. ఆ తర్వాత నిద్రపోయింది. కళ్ళు మూసుకుని కూర్చోవడం కాదు, నోరు తెరుచుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, గుర్రు పెట్టి నిద్రపోయింది. నర్సు లోపల అన్నం వండటానికి దిగింది, కాసేపటికి అక్కడినించి కూడా గుర్రు వినపడింది.

పడవ మొత్తానికి మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే. చక్రం నా చేతుల్లో చిన్న పిల్లాడి చెయ్యిలా అటూ ఇటూ గుంజుకుంటోంది. దిక్సూచి ముల్లు చూస్తుంటే కడుపులో తిప్పుతోందని దాన్ని మానేసి కొండనే నమ్ముకున్నాను. కొంతసేపటికి ఓ చిన్న వానతెర వచ్చి ముందున్నదంతా మూసేసింది. పొట్టిని లేపుదామని వంగాను. కింది పెదవి మీద ఎండకి ఎండిన పొక్కు, కళ్ళ కింద నల్లటి గుంటలు. ఎన్ని రోజుల నిద్రో అది. లేపలేదు. ఎవరినీ ఏమీ అడక్కుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా, చక్రం కదలకుండా పట్టుకుని నిలబడ్డాను. వాన నా కళ్ళజోడు మీదనించి కారుతోంది. నాకు భయంగా ఉంది. బాగుంది కూడా.

వానతెర తొలిగింది. కొండ మళ్ళీ కనపడింది. ఈసారి రెండు కొండలున్నాయి. నేను రెంటినీ జాగ్రత్తగా చూసి, అందులో పెద్దది, పచ్చగా ఉన్నది ఎంచుకున్నాను.

ఒడ్డు దగ్గరపడ్డాక పొట్టి తనంతట తనే లేచింది. కళ్ళు నులుముకుంది. ముందుకి చూసింది, వెనక్కి చూసింది, లోపలికి దిగి పటం తెచ్చి మోకాళ్ళమీద పరిచింది. నేను కొండ వైపే చూస్తున్నాను.

"ఇది మనం వెళ్ళాల్సిన దీవి కాదు" అంది.

"కాదా?"

"కాదు. అది అదిగో, ఆ పక్కది."

పక్కది గాలికి ఎదురుగా, చాలా దూరంలో, చిన్నగా ఉంది. ఇక్కడ ఒడ్డున ఓ విరిగిన వంతెన, దాని మీద రెండు మేకలు. మనుషుల జాడ లేదు. నర్సు నిద్రమొహంతో గరిటె పట్టుకుని పైకొచ్చి, ఇదేనా ఊరు అని అడిగింది. నేను సంజాయిషీ మొదలుపెట్టబోయాను. వానతెర గురించి, ముల్లు గురించి, ఈ కొండ పచ్చదనం గురించి మంచి సంజాయిషీయే తయారైంది. పొట్టి వినే ధోరణిలో లేదు. నీళ్ళ రంగు చూస్తోంది, ఒడ్డున రాళ్ళు ఎక్కడున్నాయో చూస్తోంది.

"లోతు బాగానే ఉంది. గాలికి చాటుగానే ఉంది" అని తనలో తనే అనుకుని, నా చేతుల్లోంచి చక్రం తీసుకుంది. "ఇవాళ్టికి ఇక్కడే. వార్డెన్, ముందుకెళ్ళి లంగరు దగ్గర నిలబడు. నేను చెప్పేదాకా వెయ్యకు."

ముందుకెళ్ళి గొలుసు పట్టుకుని నిలబడ్డాను. మేకలు నావైపే చూస్తున్నాయి. ఇంకాస్త ముందుకి వెళ్తే బాగుంటుందనిపించింది. అనలేదు.

"ఇప్పుడు" అంది పొట్టి.

వేశాను.